కౌలుదారుని మొర – భూస్వామి జవాబు

షాద్‌నగరు ప్రాంతమున నేడు భూమిని ఎకరములతో లెక్కించువారు తగ్గి, గజములతో లెక్కించువారు పెరిగిరి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరవబడినది మొదలు, బెంగుళూరు బాటకు ఇరువైపులనున్న చెలకలకు పూర్వులు కలనైన నెరుగని వెల వచ్చినది. వెల వచ్చిన చోటికి వ్యాజ్యము రాక మానదు. ఒక సర్వే నంబరు చేతులు మారబోవునపుడు కొనువాడును, వాని వకీలును ముందుగా విచారించు విషయములలో ఒకటి కలదు: ఈ భూమికి రక్షిత కౌలుదారు ఉన్నాడా? డెబ్బది యేండ్లకు పూర్వము వ్రాసిన పట్టికలో ఒక్క పేరు కనబడినచో బేరము నిలిచిపోవును. ఆ పేరుగలవాని మనుమలు ఒక వైపునను, పట్టాదారుని మనుమలు వేరొక వైపునను నిలిచి, తాము పుట్టకమునుపు జరిగిన సంగతులను గూర్చి ప్రమాణములు చేయవలసివచ్చును.

ఇట్టి తగవులను గూర్చి పట్టణములలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. కౌలుదారుల సంతతివారు ధనాశచే పాత కాగితములు త్రవ్వుచున్నారని కొందరందురు. భూస్వాముల సంతతివారు అన్యాయార్జితమును అనుభవించుచున్నారని మరికొందరందురు. ఈ రెండింటిలో దేనినిగాని గంపగుత్తగా నమ్ముటకు మేము సిద్ధముగా లేము. ఏ సర్వే నంబరున న్యాయమెవరిదో ఆ విచారణయే తేల్చవలెను. మేము చెప్పదలచినది వేరు. ఆనాడు కౌలుదారుని మొరయు, దానికి భూస్వామి జవాబును ఒక్క చోట, ఒక్క అధికారి యెదుట, క్రమముగా వినబడి తీర్పు వ్రాయబడియున్నచో, ఈ తగవులలో అధికభాగము ఆ తరముననే ముగిసియుండెడివి. తీర్పు లేని తగవు చావదు. మూడవ తరమునకు వడ్డీతో సంక్రమించును.

ఈ చర్చకు షాద్‌నగరు మిగుల తగిన తావు. నిజాము ప్రధానిగా నుండిన మహారాజా కిషన్ ప్రసాదుగారి ‘షాద్’ అను కవితానామము ఈ యూరి పేరున నిలిచినదని చెప్పుదురు. శంషాబాదు పేరున పైగా ప్రభువుల షమ్సుల్ ఉమ్రా బిరుదము కలదందురు. ఊళ్లకే ప్రభువుల పేర్లు పెట్టిన సీమలో దున్నువాని పేరు కాగితమున కెక్కుట ఎంతటి కార్యమో వేరుగ చెప్పనక్కరలేదు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వెలువడెను. 1950 జూన్ 10న హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలులోనికి వచ్చెను. ఆ యేడే వెల్లోడి మంత్రివర్గమున రెవిన్యూ శాఖను స్వీకరించినవారు బూర్గుల రామకృష్ణారావుగారు. వారి యింటిపేరుగల బూర్గుల గ్రామము షాద్‌నగరునకు చేరువనే యున్నది. 1952 ఎన్నికలలో వారు శాసనసభకు గెలిచినది షాద్‌నగరు నుండియే. పిమ్మట హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయిరి. కౌలుచట్టమును నడపిన మంత్రిని శాసనసభకు పంపిన తాలూకాలో ఆ చట్టపు తగవులు నేటికిని తీరకుండుట ఆలోచింపదగిన విషయము.

ఆ చట్టము చేసినదేమి? అది పేర్కొనిన కాలపరిమితులలో ఆరు సంవత్సరములు ఎడతెగక కౌలుకు సాగుచేసినవానిని రక్షిత కౌలుదారుగా గుర్తించెను. రాష్ట్రమున ఆరు లక్షలకు పైబడిన కౌలుదారులు, సాగుభూమిలో నాలుగవ వంతునకు మించిన భూమి ఈ రక్షణలోనికి వచ్చినవి. హక్కు నిచ్చుటతో చట్టము తృప్తి చెందలేదు. ఆ హక్కు పోవు దారిని గూడ కట్టుదిట్టము చేసెను. కౌలుదారు భూమిని తనంతట వదలుకొనదలచిన, 19వ సెక్షను ప్రకారము వ్రాతమూలకముగా వదలుకొనవలెను. తహసీలుదారు ఎదుట తానే ఒప్పుకొనవలెను. అది సద్బుద్ధితో జరిగినదని తహసీలుదారునకు తృప్తి కలుగవలెను. భూస్వామి కౌలుదారుని చేతినుండి భూమిని తీసికొనదలచిన, 32వ సెక్షను ప్రకారము తహసీలుదారునకు దరఖాస్తు పెట్టి, విచారణ జరిగి, ఉత్తరువు వచ్చిన పిదపనే తీసికొనవలెను. ఫలానావాడు రక్షిత కౌలుదారు అవునా కాదా యను సందేహము వచ్చిన, ఉభయులలో నెవరైనను ఆ యధికారినే అడుగవచ్చును. ఆయన తీర్పుపై కలెక్టరునకు అప్పీలు, ఆపైన హైకోర్టునకు రివిజను కలవు. ఈ చట్టము క్రింద తేల్చవలసిన విషయములలో సివిలు కోర్టుల ప్రమేయమును 99వ సెక్షను తొలగించెను. అనగా తహసీలు కచేరీయే కౌలుదారునకు న్యాయస్థానము, తహసీలుదారే న్యాయాధిపతి. మొదటి మెట్టున వినికిడి సరిగా లేకున్నచో పై మెట్టులు ఎన్ని యున్నను ప్రయోజనము స్వల్పము.

ఉభయపక్షములను వినుట యను ధర్మమును మనకు పరులు నేర్పవలసిన పని లేదు. యాజ్ఞవల్క్యుడు వ్యవహారమును నాలుగు పాదములు కలదిగా చెప్పెను. అర్థి చెప్పుకొను మొర మొదటి పాదము, ప్రత్యర్థి యిచ్చు జవాబు రెండవది, సాక్ష్యప్రమాణములు మూడవది, నిర్ణయము నాలుగవది. అర్థి చెప్పినదానిని ప్రత్యర్థి యెదుటనే వ్రాయవలెననియు, ప్రత్యర్థి జవాబును మొదట మొరపెట్టినవాని సమక్షముననే వ్రాయవలెననియు ఆ స్మృతి విధించుచున్నది. ఆ స్మృతిపై వెలసిన మితాక్షరా వ్యాఖ్యను పదుమూడవ శతాబ్దముననే కేతన తెనుగు చేసెను. కౌటిల్యుడు మరియొక యడుగు ముందుకు వేసెను. తగవు చెప్పుకొనవచ్చినవానిని బెదరించినను, గద్దించినను, వెడలగొట్టినను, నోరు మూయించినను ఆ న్యాయాధిపతికే దండన వేయవలెనని కంటకశోధనమున వ్రాసెను. అడుగవలసినది అడుగకుండుట, అడుగరానిది అడుగుట కూడ ఆయన దృష్టిలో నేరములే. ఆంగ్లేయుల న్యాయశాస్త్రమున గూడ ఇదే సూత్రము కలదు. 1723లో బెంట్లీ పండితుని వ్యాజ్యమున తీర్పరి యొకడు, దేవుడు సైతము ఆదామును సంజాయిషీ అడిగిన పిదపనే శిక్షించెనని గుర్తుచేసెను. కావున ఈ ధర్మము ఏ దేశమునకును, ఏ పక్షమునకును సొంతము కాదు.

ఈ నాలుగు పాదములతో కౌలుచట్టము నడచెనా? హైదరాబాదు రాష్ట్రమున జాగీర్ల రద్దు, భూసంస్కరణల ఫలితములను ఆచార్య ఎ. ఎం. ఖుస్రోగారు పరిశోధించి 1958లో గ్రంథముగా ప్రకటించిరి. అందలి లెక్కలను భూమి కలవారందరును ఒకమారు పరికింపవలెను. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుగురిలో, నాలుగేండ్లలోనే, ఆ హోదాలో మిగిలినవారు సుమారు 45 మంది. భూమిని కొని యజమానులైనవారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి లోపు. చట్టవిరుద్ధముగా వెడలగొట్టబడినవారు 22 మంది. ‘స్వచ్ఛందముగా’ వదలుకొన్నవారు దాదాపు 18 మంది.

ఈ యంకెలను నిదానముగా చదువవలెను. విచారణ జరిగి, ఉత్తరువు వెలువడి భూమి పోయినవాడు ఒకడైన, విచారణ లేకయే పోయినవారు ఎనమండుగురు. చట్టపు దారిన నడచిన భూస్వాములకు తక్కువ ఫలము దక్కినదని దీనిని బట్టి అనుకొనరాదు; ఆ దారికి వచ్చినవారే అరుదు. దొడ్డిదారి తెరచియుండగా సింహద్వారమున బారులు తీరువారెవరు? చట్టములోని లోపముకంటె, చట్టము చెప్పిన క్రమము ఊరివరకు చేరకపోవుటయే ఈ కష్టమునకు మూలమని మా యభిప్రాయము.

ఎందుచేత చేరలేదు? ఆనాటి కౌలుదారు నొకనిని మనసున నిలుపుకొందము. దుక్కికి పోగా భూస్వామి మనుషులు వచ్చి అరకను మరలించిరి. వాడు ఎవరికి చెప్పుకొనవలెను? ఊరిలో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ కలరు. ఆ పదవులు వంశపారంపర్యములు. తరచుగా భూస్వామికి చుట్టములో, ఆశ్రితులో వానిని వహించుచుండిరి. వాడు సాగులో ఉన్నాడో లేడో పహాణీలో వ్రాయవలసినది ఆ పట్వారీయే. తహసీలుదారు విచారణకు వచ్చినచో మొట్టమొదట పిలిచి అడుగునది ఆ పట్వారీనే. ఎవరిపై మొర కలదో వాని మనిషియే సాక్షియు, వాని మనిషి వ్రాసిన కాగితమే ప్రమాణమును అయినపుడు మూడవ పాదము విరిగినట్లే గదా!

ఇక భాష. నిజాము పాలనలో కచేరీ భాష ఉర్దూ. పోలీసు చర్య అనంతరము గూడ పాత రికార్డులు, పాత సిబ్బంది, పాత అలవాట్లు వెంటనే మారలేదు. తెలుగు తప్ప వేరెరుగని సేద్యకానికి తన పేరు పట్టికలో ఎక్కినదో లేదో చదువుకొను శక్తి లేదు. వానికి వచ్చిన నోటీసు ఏమి చెప్పుచున్నదో చదివి చెప్పువాడు మరల ఆ పట్వారీయే. తెలియని భాషలో ఇచ్చిన నోటీసు, నోటీసు ఈయకుండుటకంటె ఎక్కువేమి?

రసీదు సంగతి అంతకంటె దుర్ఘటము. సర్కారు జిల్లాల జమీందారీలలో 1908 నాటి ఎస్టేట్ల చట్టము క్రింద పట్టా, ముచ్చిలికాలు ఇచ్చిపుచ్చుకొను ఏర్పాటుండెను. అక్కడను అన్యాయములు లేకపోలేదు. ఉన్నందుననే 1937లో ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడెను. అయినను రైతుచేతిలో ఒక కాగితము కలదు. తెలంగాణమున కౌలు తరచుగా నోటిమాట. ధాన్యము కళ్లమునందే కొలిచి యిచ్చినవానికి రసీదు అడుగు ధైర్యమెక్కడిది? మరుసటి యేడు ‘కౌలు బాకీ పడినాడు’ అని భూస్వామి యన్నచో, ఇచ్చితినని చూపుటకు వానికి వట్టి చేతులు తప్ప మరేమియు లేవు. బాకీ కారణమున తొలగింపజూచినపుడు బకాయి చెల్లించుకొనుటకు కౌలుదారునకు గడువీయవలెనని చట్టము చెప్పినది నిజమే. కాని ఆ గడువు విచారణకు వచ్చినవానికే. విచారణ లేకయే వెడలగొట్టబడినవానికి గడువెవరిత్తురు?

‘స్వచ్ఛందముగా’ వదలుకొన్న పదునెనిమిది మందిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. వీరిలో నిజముగా ఇష్టపడి వదలినవారు కొందరుండవచ్చును. వయసు మీరినవారు, ఎద్దులు చచ్చినవారు, పట్నమునకు వలసపోయినవారు ఎల్ల కాలములందును కలరు. కాని భూమికి రక్షణ వచ్చిన మరునాటినుండియే ఇంతమందికి ఒక్కసారిగా భూమిపై విరక్తి కలిగెనని నమ్ముట కష్టము. పాత అప్పు మాఫీ చేయుదునని, గుడిసె ఖాళీ చేయింతునని, పెండ్లికి బియ్యమిత్తునని, పోలీసును పిలుతునని – ఈ మాటలలో ఏదో యొకటి వినబడిన పిదప వేసిన వ్రేలిముద్రను ఇచ్ఛ యనరాదు. అందుకే తహసీలుదారు ‘సద్బుద్ధిని’ పరీక్షింపవలెనని చట్టము విధించెను. ఆ పరీక్ష భూస్వామి ప్రక్కన నిలిచియుండగా జరిగినచో అది పరీక్ష కాదు. ఇష్టమో కాదో తెలియవలెనన్న కౌలుదారుని ఒంటరిగా, వాని భాషలో, వానికి గల హక్కేదో ముందుగా చెప్పి అడుగవలెను. ఈ చిన్న జాగ్రత్త తీసికొనియున్నచో ఆ పదునెనిమిది మందిలో ఎందరు మాట మార్చియుందురో!

మొర వినువాడు లేనపుడు జనులేమి చేయుదురో తెలంగాణము మరవరాదు. 1940 దశకమున జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖు పట్టుకొనజూడగా, ఆంధ్రమహాసభ సంఘమువారు కాపుండి కోసి ఆమె యింటికి చేర్చిరి. ఒక కౌలుదారు పంట తన యింటికి చేరుటకు ఊరంత కర్ర పట్టవలసివచ్చినదన్నమాట. 1946 నుండి 1951 వరకు జరిగిన సాయుధపోరాటము ఎట్లు రేగినదని అడుగువారికి ఇది చాలినంత జవాబు. ఐర్లండు చరిత్రయు ఇట్టిదే. 1879 మొదలుకొని అక్కడ కౌలుదారులు భూస్వాములపై తిరుగబడిరి. పిదప 1881లో చట్టము వచ్చి భూమి కమిషను ఏర్పడెను. న్యాయమైన కౌలు ఎంతయో తేల్చుమని కౌలుదారుగాని, భూస్వామిగాని కమిషనును కోరవచ్చును. తేల్చిన కౌలు పదునైదేండ్లు చెల్లును. దానితో అక్కడి తగవులన్నియు తీరినవని మేమనము. కాని రచ్చబండపై తేలుచున్నది విచారణ బల్లపైకి వచ్చినది. అంతమాత్రమే కొన్నిచోట్ల ప్రాణములు నిలుపును.

ఇంతవరకు చదివిన భూస్వాములు, మేము ఒక పక్షమున నిలిచి వ్రాయుచున్నామని తలంపవచ్చును. అట్లు కాదు. భూస్వామి యనగానే గడీలోని దొర కనులముందు నిలుచుట పొరపాటు. మూడెకరముల చెలక తప్ప ఆధారము లేని వితంతువు, సేనలో కొలువున్న సిపాయి, తండ్రి పోయిన మైనరు బాలుడు, పట్నమున చిన్న ఉద్యోగము చేయు ఉపాధ్యాయుడు – వీరును చట్టమున భూస్వాములే. ఊరి కక్షలలో ఒకరి భూమిపై మరియొకరు కౌలుదారునిగా నిలబడుట, ఎన్నడును దుక్కి దున్ననివాడు సాక్షులను కూర్చుకొని హక్కు చెప్పుట జరుగని సంగతులు కావు. భూమికి వెల పెరిగిన నేటి దినములలో పాత పట్టికలోని పేర్లు వెదకి, వారసులను పోగుచేసి, వ్యాజ్యములను వ్యాపారముగా నడుపు దళారులకును అవకాశము కలదు. అట్టి మొర వచ్చినపుడు భూస్వామికి నోటీసు రావలెను. మొర నకలు అందవలెను. జవాబు చెప్పుటకు గడువుండవలెను. ఎదుటి సాక్షిని ప్రశ్నించు హక్కుండవలెను. భూస్వామిని వినకుండ ఇచ్చిన తీర్పు కౌలుదారునకు అనుకూలమైనను మేము మెచ్చము. మరొక మాట: అట్టి తీర్పు నిలువదు గూడ. పై కచేరీ దానిని కొట్టివేసి మరల మొదటికి పంపును, పదేండ్లు గడచును, గెలిచితినని సంతసించిన కౌలుదారే అందరికంటె ఎక్కువ నష్టపోవును.

క్రమము తప్పిన పనికి ఎంత దూరమున మూల్యము చెల్లింపవలసివచ్చునో ఈ చట్టపు చరిత్రయే చెప్పుచున్నది. 1954 సవరణచే 38-ఇ అను సెక్షను చేరెను. ప్రభుత్వము ప్రకటన చేసిన దినమున, చట్టపు పరిమితులకు లోబడి, రక్షిత కౌలుదారు సాగులోనున్న భూమికి వాడే యజమాని యగును. తెలంగాణమున అధికభాగమునకు ఈ ప్రకటన 1973 జనవరి 1 నుండి వర్తించెను. అపుడు ప్రశ్న వచ్చినది: ఆ దినమున భూమిపై లేనివాని గతియేమి? 1979లో చేర్చిన వివరణ దీనికి జవాబు చెప్పెను. 32వ సెక్షను ప్రకారము తహసీలుదారు ఉత్తరువు లేకయే వెడలగొట్టబడినవానిని, ఆ దినమున భూమిపై ఉన్నట్లే భావింపవలెను. తహసీలుదారు తనంతటగాని, వాని దరఖాస్తుపైగాని విచారించి భూమిని తిరిగి యిప్పింపవలెను. క్రమము తప్పి చేసిన తొలగింపు చట్టము దృష్టిలో జరుగనట్లే యని దీని యర్థము.

ఈ నియమపు భారము ఎవరిపై పడినది? 1952లో అరకను మరలించిన భూస్వామి ఇపుడు లేడు. వాని కుమారుడు అమ్మెను, కొన్నవాడు మరల అమ్మెను, కడపటివాడు ప్లాటు కొని యిల్లు కట్టుకొనెను. ఆనాడు ఒక దరఖాస్తు, రెండు వాయిదాలు, ఒక ఉత్తరువు – ఇంతమాత్రపు శ్రమ తప్పించుకొన్నందులకు నేడు అమాయకుడైన కొనుగోలుదారు కచేరీల చుట్టు తిరుగుచున్నాడు. అటు కౌలుదారుని వంశమున రెండు తరములు కూలి చేసి గతించినవి. ఆ క్రమమును ఆనాడు పాటించియున్నచో ఉభయవంశములును బాగుపడియుండెడివి.

ఇది పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వము కొత్త రికార్డుల చట్టము చేసి, ధరణి యను ఏర్పాటును తెచ్చి, భూమి రికార్డుల తగవులు విను రెవిన్యూ కోర్టులను తొలగించెను. అప్పటికే నిలిచియున్న వేలకొలది కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు బదిలీ చేసిరి. అందు వేగము కనబడెను గాని వినికిడి కనబడలేదు. ఉభయపక్షములకు చెప్పుకొను అవకాశమీయవలెనని 2021లో హైకోర్టు ఆదేశింపవలసివచ్చెను. యాజ్ఞవల్క్యుని నాడే స్థిరపడిన మాటను ఇరువదియొకటవ శతాబ్దమున న్యాయస్థానము మరల చెప్పవలసివచ్చుట మనకు గౌరవము కాదు. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి చట్టమున అప్పీళ్లకును, బీదలకు ఉచిత న్యాయసహాయమునకును చోటు కల్పించిరి. దీనిని మేము హర్షించుచున్నాము. కాని కాగితముపై అప్పీలు 1950లోను కలదు. అది నిలుచుటయు, పడిపోవుటయు విను అధికారిని బట్టియే యుండును.

నేటి కౌలుదారుని స్థితి మాత్రము పాతదానికంటె మెరుగని చెప్పజాలము. షాద్‌నగరు, శంషాబాదు చుట్టుప్రక్కల భూమి పట్టణవాసులది, సాగు వేరొకరిది. కౌలు నోటిమాటయే. 2018లో వచ్చిన రైతుబంధు సాయము పట్టాదారునకు చేరెను గాని దున్నువానికి చేరలేదు. 2011 నాటి సాగుదారుల చట్టము ఋణార్హత కార్డు నిచ్చుటకు ఏర్పాటు చేసెను. దానివలన యజమాని హక్కునకు భంగము లేదని ఆ చట్టమే చెప్పినది. అయినను యజమానులు భయపడుచున్నారు. కాగితము వ్రాసిన కౌలుదారు రక్షిత కౌలుదారు అగునని వారి శంక. రక్షిత కౌలుదారు హోదా 1950, 1955 నాటి శాసనములు పేర్కొనిన కాలములందు సాగుచేసినవారికి కలిగినది. నిన్న మొన్న కౌలుకు తీసికొన్నవానికి దానిని అంటగట్టుట భ్రమ. ఈ భ్రమచే కాగితము వ్రాయని యజమాని, రేపు కౌలు రాకున్నను తానును ఋజువు చేసికొనజాలడు. నోటిమాట ఇరువురిని సమానముగా నిరాయుధులను చేయును. వారిలో బీదవాడు ముందుగా పడిపోవును.

కావున మేము కోరునవి కొత్త సంగతులు కావు. మొర ఏ భాషలో చెప్పబడెనో ఆ భాషలో వ్రాసికొని, తేది వేసి, రసీదు ఈయవలెను. దాని నకలు ఎదుటి పక్షమునకు పంపి, జవాబునకు తగిన గడువొసగి, ఆ జవాబు నకలు మొరపెట్టినవానికి చేర్చవలెను. విచారణ సాధ్యమైనంతవరకు ఆ గ్రామముననే, పొలము గట్టుననే జరుగవలెను. ఏ పొలమును ఎవరు దున్నినదియు ఇరుగుపొరుగు రైతులకు తెలిసినంతగా ఏ కాగితమునకును తెలియదు. తగవు తేలువరకు నాటినవాడే కోయవలెను. కౌలు సొమ్మును అధికారి వద్ద జమ కట్టవలెను. అట్లయిన యజమానికిని నష్టముండదు. తీర్పునకు కారణములు వ్రాయవలెను. ఓడినవానికి నకలును, అప్పీలు గడువును చెప్పవలెను. ఉత్తరువు వెలువడిన పిదప దానిని పొలముపై అమలుపరచు బాధ్యత కచేరీదే కావలెను. ఆ గ్రామమున భూమియో, చుట్టరికమో కలిగిన అధికారి ఆ తగవు వినరాదు. ఇందులో ఖజానాకు భారమైనది ఏదియు లేదు.

భూస్వాములగు మా పాఠకులకు కడపట ఒక విన్నపము. కౌలుదారు కచేరీకి పోయెనని వినినంతనే, మన యన్నము తిని మన మీదనే ఫిర్యాదా యని కోపగించుకొనుట మన యిండ్లలో పాత అలవాటు. ఆ కోపమును కొంచెము నిలిపి యోచింపవలెను. కచేరీకి పోయినవాడు కర్ర పట్టనివాడు. న్యాయమున్నదని నమ్మి, కూలి మానుకొని, దూరము నడచి వచ్చినవాడు. వాని మొర అబద్ధమైనచో మీ జవాబు దానిని అక్కడనే తేల్చును; ఆ తీర్పు మీ మనుమలకు కవచమగును. వాని మొర నిజమైనచో, నేడు ఒక ఎకరము విడుచుట, మనుమలకు ఒక వ్యాజ్యమును విడుచుటకంటె మేలు. షాద్‌నగరు తాలూకాలో గజములకు వెల కట్టుచున్న నేటివారు, ఆ వెలలో ఎంత భాగము ఆనాడు వినబడని మొరలదో ఒక్కమారు లెక్కించిచూచుట మంచిది.